పెరటి మంటకూ చట్టం ఉంది

ఏప్రిల్‌లో దాళ్వా కోతలు అయ్యేసరికి మా మండవల్లి చేలల్లో గడ్డి పెళపెళలాడుతుంది. పడమటి గాలి మొదలైతే, పెరట్లో ఆకులకు పెట్టిన చిన్న మంట పక్కవాళ్ల గడ్డివాముకి చేరడానికి క్షణం చాలు. మధ్యాహ్నంపూట ఎవరింట్లో పొగ లేచినా నేను ఊరుకోను, వెళ్లి నీళ్లు పోయించే వస్తాను.

“మా పెరడు, మా ఇష్టం” అంటారు. చట్టం అలా అనదు. చెత్తను ఆరుబయట తగలబెట్టడాన్ని 2016లోనే జాతీయ హరిత ట్రైబ్యునల్ నిషేధించింది. మామూలు మంటకు 5 వేల రూపాయలు, పెద్ద కుప్పకైతే 25 వేలు జరిమానా. నిప్పుతో అజాగ్రత్తగా ఉండి ఎదుటివారి ప్రాణానికి ముప్పు తెస్తే, 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు కూడా పడొచ్చు.

కొల్లేరు వైపు మరింత కట్టుదిట్టం. సరస్సును 5వ కాంటూరు (ఎత్తును చూపే గీత) వరకు 1999లో అభయారణ్యంగా ప్రకటించారు కదా, వన్యప్రాణి చట్టం 30వ సెక్షన్ ప్రకారం దానికి హాని కలిగేలా అక్కడ నిప్పు రాజేయడమే నేరం. ఎండాకాలం నీరు తీసిన చోట కిక్కిస ఎండి నిలబడి ఉంటుంది. అందులోకి బీడీ ముక్క విసిరేవాళ్లను చూస్తే బాధా, కోపమూ రెండూ వస్తాయి నాకు.

పొయ్యి రాజేసుకోవద్దని ఎవరూ అనరు. గాలి లేని ఉదయంపూట, తాటాకు పాకకీ వాముకీ దూరంగా, పక్కన బిందెడు నీళ్లు పెట్టుకుని వెలిగించండి. నివురు కింద నిప్పు గంటల తరబడి బతుకుతుంది. కర్రతో కెలికి మళ్లీ తడపండి. రాలిన ఆకుల్ని పెంటకుప్పలో వేస్తే ఎరువవుతుంది. మంట చెయ్యి దాటితే ఆలస్యం చేయకుండా 101కి ఫోన్ చేయండి.