తేనీటి అంగడిలో అంతర్జాలము

ఎర్ణాకుళము రైల్వే స్టేషనులో మూటలు మోయు కూలీ యొకడు, బరువెత్తుచునే చెవికి ఇయర్‌ఫోను తగిలించుకొని, అచటి ఉచిత వైఫై ద్వారా పాఠములను వినుచు, కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ వ్రాతపరీక్షయందు ఉత్తీర్ణుడైన వార్త 2018లో దేశమంతట వ్యాపించెను. గూగుల్, రెయిల్‌టెల్ సంస్థలు 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌నందు ప్రారంభించిన ఆ సేవ, ఆ యేడే విజయవాడ, విశాఖపట్నము, కాచిగూడ స్టేషనులకును వచ్చి, రెండున్నరేండ్లలోపల 400 స్టేషనులకు విస్తరించినది.

అయినను, రైలెక్కనివాని మాట యేమి? 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పీఎం-వాణి పథకము దీనికి సమాధానము చెప్పినది. తేనీటి అంగడివాడైనను, కిరాణా వర్తకుడైనను, లైసెన్సుగాని రుసుముగాని లేకయే, తాను పొందిన బ్రాడ్‌బ్యాండును రౌటరు మూలమున పరిసరవాసులకు పంచవచ్చును. వినియోగదారుల గుర్తింపును, లెక్కలను వేఱొక సంస్థ చూచుకొనును. ఫోనులోని యాప్ సమీప కేంద్రమును చూపును. ఇది సర్వత్ర ఉచితము కాదు, స్వల్పమూల్యమునకు కూపనులమ్ముటయు కలదు. సాంకేతిక విద్యయెఱుగని చిరువర్తకుని సైతము అంతర్జాల ప్రదాతను గావించిన ఈ విధానము మిక్కిలి శ్లాఘనీయమని నా నిశ్చితాభిప్రాయము.

సంకేతపదము లేని వైఫైయందు ఒక జాగ్రత్త ఆవశ్యకము. సుపరిచితమైన కాఫీ హోటలు పేరుతోనే వంచకుడు కపట కేంద్రమును నెలకొల్పగలడు. కావున పాఠకులారా, అచట చదువుకొనుడు, వార్తలు చూడుడు. బ్యాంకు వ్యవహారములను మాత్రము మీ సొంత మొబైల్ డేటాతోనే నడుపుకొనుడు.