పేరు పెట్టిందెవరు? – లింగ గుర్తింపు పదాల కథ

నిజామాబాదు, బోధన్ బజార్లలో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినిపిస్తాయి. అక్కడ ఒకే మనిషిని ఉర్దూలో హిజ్రా అంటారు, మరాఠీలో తృతీయపంథీ అంటారు, తెలుగులో కొజ్జా అని తిడతారు, ప్రభుత్వ దరఖాస్తులో ట్రాన్స్‌జెండర్ అని రాస్తారు. ఇవన్నీ ఒకే అర్థమిచ్చే పర్యాయపదాలని చాలామంది రచయితలు అనుకుంటున్నారు. కానీ ఒక్కొక్క మాట వెనుక ఒక్కొక్క చరిత్ర ఉంది. ఆ పేరు ఎవరు పెట్టారు, దేనికోసం పెట్టారు అన్నదే అసలు ప్రశ్న.

ముందు 'లింగం' అనే మాటనే చూద్దాం. శరీర భేదానికీ, వ్యాకరణ విభాగానికీ, సమాజం ఆడా మగా అని పంచిన పాత్రలకూ తెలుగులో ఇదొక్కటే మాట. వ్యాకరణం మనుషుల్ని మహత్తు, అమహత్తు అని విడదీసి, ఏకవచనంలో స్త్రీని పశువుతోనూ రాయితోనూ కలిపి 'వచ్చింది' అనిపించింది. బహువచనంలో 'వచ్చారు' అన్నప్పుడు మాత్రం ఆడా మగా తేడా లేదు. లింగ గుర్తింపు ఈ మూడింటిలో ఏదీ కాదు. ఒక మనిషి తనను తాను స్త్రీగానో, పురుషుడిగానో, ఈ రెండూ కాకుండానో ఎరిగి ఉండటమే లింగ గుర్తింపు. ఆ మనిషి ఎవరిని ప్రేమిస్తాడు, ఎవరిని ప్రేమిస్తుంది అన్నది వేరే విషయం. పుట్టుకతోనే శరీర నిర్మాణం ఆడా మగా అనే మామూలు విభజనకు లొంగనివాళ్ళను ఇంటర్‌సెక్స్ అంటారు. వాళ్ళ సంగతి కూడా వేరే.

మన ప్రాచీన సాహిత్యానికి ఈ మనుషులు కొత్త కాదు. బోధన్‌ను ఏకచక్రపురమని చెప్పుకునే స్థానికులకు భారత కథ ఇంటి కథే. అందులో బృహన్నల ఉంది, శిఖండి ఉన్నాడు. అర్జునుడు బృహన్నల అయింది శాపవశాన, ఒక్క ఏడాది అజ్ఞాతవాసానికి. శిఖండి ఆడపిల్లగా పుట్టి పురుషుడయ్యాడు. ఒకటి తాత్కాలిక రూపం, ఒకటి జీవితాంతపు మార్పు. ఈ రెండు పేర్లనూ కలిపి ఎవరికి పడితే వారికి తగిలించడం కథనూ చదవకపోవడమే, మనిషినీ చూడకపోవడమే. నపుంసకుడనే అర్థంలో 'పేడి' అనే పాత మాట కూడా మనకుంది. అదిప్పుడు 'పేడిమూతి' అనే వెక్కిరింతలో మిగిలింది.

రాజ్యం పెట్టిన పేర్లు మరో రకం. బ్రిటిషు పాలన 1871 నేరస్థ జాతుల చట్టంలో వీళ్ళను నపుంసకులన్న పేరుతో రిజిస్టరుకెక్కించింది. నిజాం రాజ్యం 1329 ఫసలీలో, అంటే 1919లో, అదే బాట పట్టింది. ఆ చట్టం దృష్టిలో నపుంసకుడంటే పుంసత్వం లేని మగవాడు. తనను తాను ఎవరని అనుకుంటున్నాడో దానికి అక్కర్లేదు. వాళ్ళ పేర్లు రాసిపెట్టుకోవడానికీ, ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయడానికీ అది అధికారమిచ్చింది. నిజాం పోయినా చట్టం పుస్తకాల్లో మిగిలింది. తెలంగాణ హైకోర్టు 2023 జులైలో గాని దాన్ని కొట్టివేయలేదు.

దేవుడి పేరున, భూస్వామ్యం పెట్టిన పేర్లు ఇంకో రకం. జోగిని లింగ గుర్తింపు కాదు. దళిత బాలికను దేవతకు పెళ్ళిచేసి, ఊరి పెద్దల అనుభవానికి అప్పజెప్పిన దురాచారం. ఈ జిల్లాలోనే వర్ని కేంద్రంగా హేమలతా లవణం, లవణం దానిమీద పోరాడారు. 1988లో చట్టం దాన్ని నిషేధించింది. సరిహద్దు దాటి ఉత్తర కర్ణాటకకు వెళితే జోగప్పలు కనిపిస్తారు. వాళ్ళు మగపిల్లలుగా పుట్టి, ఎల్లమ్మ పేరున స్త్రీవేషంలో బతికేవాళ్ళు. మన తెలంగాణ జాతరల్లోని శివసత్తుల్లో ఆడవాళ్ళూ ఉన్నారు, స్త్రీవేషం వేసే మగవాళ్ళూ ఉన్నారు. మూడూ దేవతతో ముడిపడ్డ పేర్లే అయినా మూడు జీవితాలూ ఒకటి కావు.

ఇక తామే పెట్టుకున్న పేర్లు. తమిళనాట కూవాగం జాతరలోని అరవాన్ కథ నుంచి వచ్చిన 'అరవాణి'ని దాటి 'తిరునంగై' అనే గౌరవవాచకం నిలబడింది. ఉత్తర అమెరికా ఆదివాసులు 1990లో విన్నిపెగ్ సమావేశంలో, బయటివాళ్ళు అంటగట్టిన మాటను తోసేసి, 'రెండు ఆత్మలవారు' అనే అర్థమిచ్చే పేరు ఎంచుకున్నారు. సమోవాలో ఫఅఫఫినే, మెక్సికోలోని హుచితాన్‌లో ముషే ఆయా సమాజాల సొంత మాటలు. వాటిని హిజ్రా అని అనువదిస్తే పొరపాటే. హిజ్రా అంటే గురువు, చేలా అనే కట్టుబాట్లున్న ఒక సమూహం. స్త్రీగా బతకాలనుకున్న ప్రతి మనిషీ అందులో చేరదు. స్త్రీగా పుట్టి పురుషుడిగా బతికేవాడికి అందులో చోటే లేదు. ట్రాన్స్‌జెండర్ వీళ్ళందరినీ కలిపే హక్కుల భాష. తన లింగాన్ని తానే చెప్పుకునే హక్కు మనిషికుందని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పు చెప్పింది.

ఈ పేర్ల వెనుక బతుకుదెరువు కూడా ఉంది. చెరకు కొట్టే చోటైనా, నాట్ల దగ్గరైనా ఆడకూలి, మగకూలి అని రెండే లెక్కలు. రెంటికీ చెందని మనిషికి పని పుట్టదు. బజారులో చెయ్యి చాచడం ఆ మనిషి స్వభావం కాదు, మనం మిగిల్చిన దారి.

అభ్యుదయ సాహిత్యం ఇక్కడ తనను తాను ప్రశ్నించుకోవాలి. పాలకుల పిరికితనాన్ని దుయ్యబట్టడానికి 'నపుంసకత్వం' అన్న మాట వాడని ఉద్యమ కవిత్వం ఎంత? గాజులు తొడుక్కోమనే ఎత్తిపొడుపు ఎన్ని కథల్లో లేదు? పీడకుడిని తిట్టడానికి పీడితుల పేరు వాడితే దెబ్బ ఎవరికి తగులుతుంది? పాత్ర నోట తిట్టు రావచ్చు, ఎందుకంటే సమాజం అలా మాట్లాడుతుంది. కథకుడి నోట రాకూడదు. కథకుడు ఆ మనిషి తనకు తాను పెట్టుకున్న పేరుతోనే పిలవాలి. ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి తెలుగులోకి తెచ్చారు. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. ఎవరి గురించి రాస్తున్నామో వాళ్ళ గొంతు తెలుగులో ఇప్పుడు దొరుకుతుంది. దాన్ని చదవకుండా వాళ్ళ పాత్రలు సృష్టించే రచయితకు ఇక సాకు లేదు.