మెడ పట్టేసిందని విరిపించుకోవద్దు
ఉదయం లేచేసరికి మెడ ఒకవైపు బిగుసుకుపోయి, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సి రావడం చాలామందికి అనుభవమే. పల్లెల్లో వెంటనే గుర్తొచ్చేది క్షౌరశాల. తలను ఒక్క ఉదుటున తిప్పి 'టక్'మనిపిస్తే పట్టు వదులుతుందని నమ్మకం. ఆ శబ్దం కీలులోని ద్రవంలో వాయు బుడగ ఏర్పడడం వల్ల వచ్చేదే తప్ప ఎముక సర్దుకున్నందువల్ల కాదు. మెదడుకు రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడ ఎముకల రంధ్రాల గుండానే సాగుతాయి. అరుదుగానైనా, ఆ కుదుపునకు ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన ఉదంతాలున్నాయి.

ఫిజియోథెరపీలో పద్ధతి వేరు. నొప్పి మెడలో తెలిసినా, మూలం తరచూ మెడ పై నాలుగు ఎముకల నుంచి భుజం రెక్క పైమూలకు దిగే కండరంలో ఉంటుంది. అక్కడ గోరువెచ్చని కాపడం పెట్టి, రోగి ఓర్చుకోగలిగినంత మేరకు బొటనవేలితో అర నిమిషం అదిమి ఉంచుతారు. తరవాత ముఖాన్ని నొప్పి లేనివైపు చంక దిశగా మెల్లగా వంచి 20 నుంచి 30 సెకన్లు నిలుపుతారు. మూడు నాలుగుసార్లు చాలు. నూనె రాసి గట్టిగా రుద్దితే నొప్పి పెరగవచ్చు. సాధారణంగా వారంలోగా ఉపశమనం కలుగుతుంది.

చేయి తిమ్మిరెక్కినా, జ్వరం, కళ్లు తిరగడం ఉన్నా, కిందపడ్డాక మొదలైన నొప్పి అయినా మర్దన జోలికి పోకుండా వైద్యుణ్ని సంప్రదించాలి.