కేవెర్నోమా: కనిపెట్టుట, చికిత్స

మూర్ఛ వచ్చినవాని చేతిలో ఇనుప తాళపుచెవి పెట్టి, గాలి సోకినదని దిష్టి తీయు ఇండ్లు మన గోదావరి సీమలో నేటికిని కలవు. మూర్ఛకు కారణములు పెక్కు. వానిలో ఒకటి మెదడులో దాగియుండు రక్తనాళముల ముద్ద. వైద్యులు దీనిని కేవెర్నోమా అందురు. ఇది కనబడినంతనే కోయించుకొనవలెనని తొందరపడుటయు, లక్షణములున్నను ఉపేక్షించుటయు రెండును హానికరములే. కావున దీని స్వరూపమును శ్రోతలకు వివరింతుము.

ధవళేశ్వరము ఆనకట్ట నుండి నీరు పెద్ద కాలువలకు, పిల్ల కాలువలకు, కడకు పంటబోదెలకు పారును. అట్లే గుండె నుండి వెడలిన రక్తము ధమనులలో వడిగా పారి, వెండ్రుక కన్న సన్నని కేశనాళికలకు చేరును. కొందరి మెదడులో ఒకచోట ఈ సన్నని నాళములు ఉబ్బి, గోడలు పలుచనై, ఒకదానినొకటి అంటుకొని బుడిపెల ముద్దగా ఏర్పడును. గట్లు తెగిన బోదెలు కలిసి మడుగైనట్లు, అందు రక్తము బహు నెమ్మదిగా కదలును. ఇది క్యాన్సరు కాదు. సుమారు 200 మందిలో ఒకరికి ఇది ఉండునని అంచనా. వారిలో పెక్కురు జీవితాంతము ఏ బాధయు ఎరుగరు.

బాధ కలిగినప్పుడు దానికి మూలము ఆ పలుచని గోడల నుండి ఊరు రక్తము. ధమని చిట్లినప్పటి వలె ఇది సాధారణముగా ఉప్పొంగదు; కొద్దికొద్దిగా చెమ్మగిలును. ఆ రక్తములోని ఇనుము చుట్టునున్న మెదడులో నిలిచిపోయి దానిని రేపుట వలన మూర్ఛలు వచ్చును. రక్తము ఎక్కువగా కారినచో తలనొప్పి, వాంతులు, కాలుసేతులు చచ్చుబడుట, మాట తడబడుట, చూపు రెండుగా కనబడుట కలుగవచ్చును.

కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల వెలసిన 1958 నాటికి తలలోని రక్తనాళములను చూచుటకు ఒక పద్ధతి యుండెను. పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ 1927లో కనిపెట్టినట్లు, నాళములలోనికి మందు ఎక్కించి ఎక్స్‌రే తీయుదురు. కాని రక్తము వడిగా పారని ఈ ముద్దలోనికి ఆ మందు చాలినంత చేరదు; పటములో ఏమియు కనబడదు. 1971లో మొదటి రోగికి తీసిన సి.టి. స్కాను కొంత దారి చూపినను, చిన్న ముద్దలు దానికి తరచు చిక్కవు. అటుపిమ్మట వచ్చిన ఎం.ఆర్.ఐ. వలననే ఈ రహస్యము బయటపడెను. అందు ముద్ద పేలాల ఉండవలెను, చుట్టును నిలిచిన ఇనుము నల్లని అంచువలెను కనబడును. ఇట్టి పరీక్ష నేడు కాకినాడలోనే జరుగుచున్నది.

ఈ ముద్దలలో నూటికి సుమారు 5 వెన్నుపాములో ఉండును. నడుమునొప్పి, కాళ్ల తిమ్మిరి, నడకలో తూలుట, మూత్రము పట్టు తప్పుట దీని గురుతులు. ఒకసారి ముదిరి, కొంత తగ్గి, మరల ముదురుచుండును. తగ్గినప్పుడు వాతమని సరిపెట్టుకొని తైలములతో కాలము గడపుట వలన కాళ్లు శాశ్వతముగా చచ్చుబడు ప్రమాదమున్నది. వెన్నుపాము చిటికెన వ్రేలంత సన్ననిది. అందు కొద్దిపాటి రక్తమునకును చోటు లేదు.

ఇక చికిత్స. రక్తము కారని ముద్దను సాధారణముగా కదపరు. వైద్యుడు చెప్పిన గడువున మరల ఎం.ఆర్.ఐ. తీసి కనిపెట్టియుందురు. ఏలయన, మెదడు కాండము వెలుపలనున్న అట్టి ముద్ద రాబోవు 5 ఏండ్లలో రక్తము కార్చుట నూటికి సుమారు 4గురిలోనే. ఇదివరకే రక్తము కారి, కాండములోనే యున్నచో ఆ సంఖ్య సుమారు 30. మూర్ఛలకు మొదట మందులు ఇత్తురు. మందులకు లొంగని మూర్ఛలకు, మరల మరల రక్తము కారు ముద్దకు, బాధ పెట్టు వెన్నుపాము ముద్దకు, అది చేతికి అందు చోట నున్నచో, సూక్ష్మదర్శిని క్రింద శస్త్రచికిత్స చేయుదురు. ముద్ద ప్రక్కన తరచు ఒక వింత సిర యుండును. అది మంచి మెదడు నుండి రక్తమును కొనిపోవునది గనుక దానిని తాకరు. కిరణ చికిత్సపై వైద్యులలో భిన్నాభిప్రాయములు కలవు. ముద్దను కరిగించు మాత్ర ఏదియు ఇంతవరకు రుజువు కాలేదు.

ఒకరి తలలో పెక్కు ముద్దలు కనబడినచో అది వంశపారంపర్యమై యుండవచ్చును. తల్లిదండ్రులలో ఒకరికి అట్టి లోపమున్నచో, ప్రతి బిడ్డకును అది సంక్రమించుటకు సగపాలు అవకాశము కలదు. ఇంట మూర్ఛలు, పిన్నవయసున పక్షవాతము వచ్చిన బంధువులున్నచో వైద్యునికి దాచక చెప్పవలెను. పెండ్లి సంబంధములకు భయపడి దాచుట బిడ్డలకే కీడు.

మూర్ఛ వచ్చినవానిని ప్రక్కకు ఒత్తిగిలజేసి, మెడ వద్ద బట్ట వదులు చేయుడు. నోటిలో చెంచా గాని నీరు గాని పెట్టకుడు. మూర్ఛ 5 నిమిషములు దాటినను, వెంట వెంటనే మరల వచ్చినను, కాలుసేతులు హఠాత్తుగా చచ్చుబడినను 108కి ఫోను చేయుడు. మూర్ఛ మాత్రలను గాని, గుండె కొరకు వాడు రక్తము పలుచన చేయు మాత్రలను గాని తమంతట తాము మానరాదు. పటములో ముద్ద కనబడినచో ముందుగా వైద్యుని మూడు ప్రశ్నలు అడుగుడు: ఇది ఎచట ఉన్నది? ఇంతకుముందు రక్తము కారినదా? ఇప్పటి బాధకు ఇదియే కారణమా? కత్తి పట్టవలెనా, కాచియుండవలెనా యను నిర్ణయము ముఖ్యముగా ఈ మూడింటిపైననే ఆధారపడియున్నది.