ఆటనేల - న్యాయము

ఆడలేనివాడు మద్దెల ఓడని పలుకుట లోకసహజము. టెన్నిసు పోటీలో ఓడినవాడు నేలను నిందించినచో చూపరులకు మొట్టమొదట ఈ సామెతయే జ్ఞప్తికి వచ్చును. కాని యీ యాటలో మద్దెలలు నిజముగనే వేఱువేఱుగా నున్నవి. ప్రపంచప్రసిద్ధములైన గ్రాండుస్లాము పోటీలు నాలుగింటిలో వింబిల్డన్ పోటీ పచ్చికపైనను, ఫ్రెంచి పోటీ ఇటుకపొడి పఱచిన నేలపైనను, అమెరికా, ఆస్ట్రేలియా పోటీలు పూత పూసిన గట్టినేలపైనను జరుగుచున్నవి. గీతల కొలత యొక్కటియే. వల యెత్తు నొక్కటియే. నిబంధనలును నించుమించుగా నొక్కటియే. నేల మాత్రము వేఱు. ఇట్టి యాటలో న్యాయమెక్కడ నున్నదను ప్రశ్న విచారింపదగియున్నది.

బంతి నేలను తాకిన క్షణముననే భేదమంతయు పుట్టుచున్నది. నున్నని పచ్చికపై రాపిడి తక్కువ. బంతి తన వేగమును అంతగా కోల్పోక, తక్కువ యెత్తున జాఱి ముందునకు పోవును. ఇటుకపొడి గరుకైనది. అది బంతి వేగమును పట్టి తగ్గించి, దానిని పైకి లేపును. కావున పచ్చికపై బలమైన సర్వీసు గలవాడు రెండు మూడు దెబ్బలలో పాయింటు ముగింపగలడు. మట్టిపై నదే సర్వీసును అందుకొనుటకు ఎదుటివానికి రెప్పపాటు కాలము అధికముగా దొరకును. ఆ రెప్పపాటులో ఆటతీరే మాఱిపోవును. అచట ఓర్పునకు, కాలిబలమునకు, బంతిని గిరగిర త్రిప్పి కొట్టగల నేర్పునకు పైచేయి. గట్టినేల సాధారణముగా నీ రెంటికి నడుమ నుండును. పూతలో కలుపు ఇసుకనుబట్టి దాని వేగము మాఱును. అంతర్జాతీయ టెన్నిసు సమాఖ్య నేలలను వేగమునుబట్టి అయిదు తరగతులుగా విభజించియుండుటయే ఈ భేదము ఊహామాత్రము కాదనుటకు నిదర్శనము.

నేల యెంతవాని నైనను పరీక్షించును. వింబిల్డన్‌లో 7 మాఱులు జయించిన పీట్ సాంప్రాస్ ఫ్రెంచి పోటీలో తుది యాటకైనను చేరలేకపోయెను. ఫ్రెంచి పోటీలో 3 మాఱులు నెగ్గిన ఇవాన్ లెండిల్ వింబిల్డన్‌లో 1986, 1987 సంవత్సరములలో తుది యాటవఱకు వచ్చి ఓడిపోయెను. అంతమాత్రమున నేలయే విజేతను నిర్ణయించుచున్నదని చెప్పరాదు. బ్యోర్న్ బోర్గ్ 1978, 1979, 1980 సంవత్సరములలో మట్టిపై ఫ్రెంచి పోటీని గెలిచి, ఆ వెంటనే పచ్చికపై వింబిల్డన్‌ను గెలిచెను. అమెరికా పోటీ 1974 వఱకు పచ్చికపైనను, 1975 మొదలు 1977 వఱకు మట్టిపైనను, 1978 నుండి గట్టినేలపైనను జరిగినది. జిమ్మీ కానర్స్ 1974, 1976, 1978 సంవత్సరములలో ఆ మూడు నేలలపైనను విజేత యయ్యెను. నేల కొందఱికి చేయూత నిచ్చును గాని కిరీటమును పెట్టదు.

అట్లయిన అన్ని పోటీలకును ఒకే నేల నేర్పఱచుట న్యాయము గాదా యని కొందఱందురు. ఏ నేల? 1974 వఱకు నాలుగు మహాపోటీలలో మూడు పచ్చికపైననే జరిగెడివి. పచ్చికపై పెరిగినవారికి అది సుదినము. మట్టిపై పెరిగినవారికి కాదు. ఒకే నేల యనగా ఒక తీరు క్రీడాకారునికి శాశ్వతముగా పట్టము కట్టుటయే. నేలలు పలువిధములుగా నుండుటవలన నొకచోట కలిగిన లోటు వేఱొకచోట తీఱుచున్నది. ఆటకు వన్నెయు వచ్చుచున్నది.

ఈ సత్యమును టెన్నిసు నిబంధనలే అంగీకరించినవి. ఎండ, గాలి రెండువైపులను సమముగా నుండవు. కాన మొదటి గేము ముగియగనే ఒకమాఱు, పిదప రెండేసి గేములకు ఒకమాఱు ఆటగాండ్రు చోట్లు మార్చుకొందురు. చోటును సమము చేయుట సాధ్యము కాదు. దాని మేలుకీళ్లను ఇరువురకు పంచుట సాధ్యమే.

డేవిస్ కప్పు పోటీలలో ఆతిథ్యమిచ్చు దేశము నేలను ఎన్నుకొను వాడుకయు నిట్టిదే. 1987లో భారతజట్టు సిడ్నీ పచ్చికపై ఆస్ట్రేలియాను 3-2 తో గెలిచి తుదిపోటీ చేరెను. అచట స్వీడనువారు గోటెన్‌బర్గ్ నగరమున కప్పుక్రింద మట్టినేలను సిద్ధపఱచి, 5-0 తో మనలను ఓడించిరి. ఇది అన్యాయమని వగచువారు 1993ను గూడ తలచుకొనవలెను. ఆ యేడు ఫ్రాన్సు దేశపు ఫ్రేజూ పట్టణమున, వారు కోరుకొన్న మట్టిపైననే, మనవారు ఫ్రాన్సును 3-2 తో జయించిరి. పిమ్మట చండీగఢ్‌లో మనము కోరుకొన్న పచ్చికపై ఆస్ట్రేలియా చేతిలో 0-5 తో ఓడిరి. స్థానబలము గొప్పదే, కాని సర్వము కాదు.

మఱి యన్యాయమెచట? అలవాటునకు రాని నేలను ఆటగాండ్రపై మోపుచోట. 2012లో మాడ్రిడ్ పోటీ నిర్వాహకులు నీలవర్ణపు మట్టిని పఱచిరి. కాలు నిలువక జాఱుచున్నదని నాదల్, జోకోవిచ్ వంటివారే మొఱపెట్టిరి. మఱుసటి యేట ఆ నీలిమట్టిని పురుషుల టెన్నిసు సంఘము అనుమతింపలేదు. అది తగిన నిర్ణయము. నేల కొత్తదగుట దోషము గాదు. తగిన పరీక్షయు, అభ్యాసమునకు అవకాశమును లేకుండ దానిపై ఫలితమును తేల్చుటయే దోషము.

అంతకు మించిన అసమానత పోటీకి పూర్వమే, బాల్యముననే యున్నది. పచ్చికకు నీరు, కోత, రోలరు, విశ్రాంతి కావలెను. మట్టికి నిత్యము తడుపుటయు ఊడ్చుటయు తప్పవు. సిమెంటునేలకు ఈ బాధ స్వల్పము. కావున వ్యయమునకు వెఱచు సంఘములు దానినే వేయించును. ఆ నేల యొక్కటియే ఎఱిగిన బాలుడు మట్టిపై కాలు జార్చి ఆగుట నేర్వడు. పచ్చికపై వంగి తక్కువబంతి నందుకొనుట నేర్వడు. పెద్దవాడై పోటీలో నిలిచిననాడు అతని యోటమిని చూచి మనము ప్రతిభాలోపమందుము. అది నిజమునకు అవకాశలోపము.

కావున అన్ని నేలలను ఒకటి చేయుమని కోరుట యనవసరము. ఏ నేలపై ఆడవలెనో ముందుగా తెలుపుట, దానిపై అభ్యాసమునకు గడువిచ్చుట పోటీ నడపువారి ధర్మము. జిల్లాకొక చోటనైనను బాలబాలికలకు సిమెంటుతోబాటు ఒక మట్టినేలను సమకూర్చుట క్రీడాసంఘముల ధర్మము. ఈ రెండును నెఱవేఱిన పిమ్మట గూడ మద్దెల ఓడనువానికి మాత్రమే ఆ సామెత చెల్లును.