టైగర్ కడుపు ఎందుకు పాడైంది?

మన బస్తీల్లో కుక్క లేని వాకిలి తక్కువ. రాత్రి కొత్త మనిషి వస్తే మొరుగుతుంది. పిల్లలతో ఆడుతుంది. మనం తిని మిగిల్చింది తింటుంది. దానికి జబ్బు చేస్తే మాత్రం ఏం చెయ్యాలో మనకు తోచదు. "కుక్కే కదా, అదే తగ్గుతుంది" అంటాం. ఒకటి రెండు రోజుల విరేచనాలు చాలాసార్లు వాటంతట అవే తగ్గుతాయి. మరి 3 వారాలు దాటినా తగ్గకపోతే? అప్పుడు అది ముదిరిన జబ్బు. దానికి కారణం వెతకాలి.

నాంపల్లి స్టేషను వెనక బస్తీలో మా చదువు కేంద్రం ఉంది. అక్కడ చదువు నేర్చుకున్న ఒక అక్క ఆబిడ్స్‌లో బట్టల దుకాణం ఊడుస్తుంది. ఆమె కుక్క పేరు టైగర్. పేరుకే టైగర్. గోధుమ రంగు నాటు కుక్క, పిల్లిని చూసినా వెనక్కి తగ్గుతుంది.

ఒకరోజు అక్క ఏడుస్తూ వచ్చింది.

"టీచరమ్మా, రెండు నెలల సంది దీని కడుపు నిలుస్తలేదు. వాకిలంతా ఖరాబు చేస్తుంది. ఓనరమ్మ దీన్ని పట్టాల అవతల వదిలిపెట్టి రమ్మంటుంది. లేకుంటే రూము ఖాళీ చెయ్యమంటుంది."

అక్కకు రెండేళ్ళ కొడుకు ఉన్నాడు. ఆ పిల్లవాడు అదే వాకిట్లో చెప్పులు లేకుండా తిరుగుతాడు. ఓనరమ్మ కోపంలో న్యాయం లేకపోలేదు. కానీ పెంచిన కుక్కను తిండి, నీళ్ళు దొరకని చోట వదిలేయడం నేరం. 1960లో వచ్చిన జంతువుల చట్టం ఆ మాట చెబుతుంది.

అక్క అప్పటికే ఒక మందుల షాపులో అడిగి మనుషుల గోళీలు తెచ్చి వేసింది. రెండు రోజులు కడుపు కట్టింది. మూడో రోజు మళ్ళీ మొదలైంది. ఇలా చెయ్యకండి. మనకు పనిచేసే గోళీ కుక్కకు విషం కావచ్చు. ముఖ్యంగా నొప్పి గోళీలు, జ్వరం గోళీలు కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, లివరును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

కడుపులో ఏం జరుగుతుంది?

కుక్క తిన్నది ముందు పొట్టలోకి పోతుంది. అక్కడ మెత్తగా నలుగుతుంది. తర్వాత చిన్న పేగులోకి వస్తుంది. పొట్ట పక్కన క్లోమం అని ఒకటి ఉంటుంది. అది రసం పంపుతుంది. ఆ రసంతో తిండి అరుగుతుంది. అరిగిన సారాన్ని చిన్న పేగు రక్తంలోకి లాగుతుంది. మిగిలిన పిప్పి పెద్ద పేగులోకి పోతుంది. పెద్ద పేగు అందులోని నీటిని లాగేస్తుంది. అప్పుడు దొడ్డికి గట్టిగా వస్తుంది.

ఇందులో ఏ చోట తేడా వచ్చినా విరేచనాలే అవుతాయి. కానీ అన్నీ ఒక్కలాగా ఉండవు. చిన్న పేగు పాడైతే ఎక్కువ మొత్తంలో పోతుంది, కుక్క చిక్కిపోతుంది. పొట్టలోనో చిన్న పేగులోనో రక్తం కారితే దొడ్డికి తారులాగా నల్లగా వస్తుంది. పెద్ద పేగు పాడైతే కొంచెం కొంచెంగా, మాటిమాటికి వెళుతుంది. ముక్కుతుంది. జిగురు పడుతుంది. రక్తం పడితే ఎర్రగానే కనిపిస్తుంది. బరువు అంతగా తగ్గదు. అందుకే డాక్టరు ముందు ఇవే అడుగుతారు. చెప్పడానికి మనకు సిగ్గు. సిగ్గుపడితే జబ్బు దొరకదు.

పుస్తకంలో రాసింది

అక్క మొదటిసారి పశువుల దవాఖానకు పోయినప్పుడు డాక్టరు అడిగారు: "ఎన్ని రోజుల నుంచి? రోజుకు ఎన్నిసార్లు? ఏ రంగు? ఏం పెడుతున్నారు?"

అక్క అన్నిటికీ "యాదికి లేదు సార్" అంది. డాక్టరు దొడ్డి పరీక్ష చేయించారు. పురుగుల గుడ్లు కనపడలేదు. తిండి మార్చి చూడమన్నారు, తగ్గకపోతే మళ్ళీ రమ్మన్నారు.

"ఇంటికి పోయి రోజూ రాయి అక్కా, నీకు రాయడం వచ్చు కదా" అన్నాను నేను. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతారు కదా. అక్కడ ఒక పాత డైరీ కొనుక్కొచ్చింది. సంవత్సరం దాటిన డైరీ కాబట్టి చవకగా వచ్చింది. అందులో ఇలా రాసింది:

"సోమారం. పొద్దుగాల పాలు, రొట్టె. 4 సార్లు. పలచగ.
మంగళారం. అన్నం, కోడి. 2 సార్లు. నల్లగ.
బుదారం. బిర్యాని బొక్కలు. 5 సార్లు. కక్కింది."

తప్పులు ఉంటే ఉండనీయండి. డాక్టరుకు అర్థమైతే చాలు.

మూడు వారాల్లో 2 సంగతులు బయటపడ్డాయి. అక్క భర్తకు స్టేషను దగ్గర ఇడ్లీ బండి ఉంది. పక్క హోటలు నుంచి బిర్యానీ బొక్కలు, మిగిలిన మసాలా అన్నం తెచ్చేవాడు. అవి తిన్న రోజు, పాలు తాగిన రోజు టైగర్‌కు బాగా ఎక్కువయ్యేది. ఇది మొదటి సంగతి. పెద్దయిన కుక్కల్లో చాలావాటికి పాలు అరగవు. ఉడికిన బొక్కలు పగిలి సూదుల్లా అవుతాయి, పేగుకు గుచ్చుకుంటాయి. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి. బిర్యానీలో అవి లేకుండా ఉండవు.

రెండో సంగతి ఇంకా పెద్దది. తిండి ఏదైనా సరే, కొన్ని రోజులు దొడ్డికి నల్లగానే ఉంది. బరువు కూడా తగ్గుతూ వచ్చింది. అక్క టైగర్‌ను ఎత్తుకుని పాత సామాను కొట్లో కాటా మీద నిలబడేది. తర్వాత తానొక్కతే నిలబడేది. తేడా లెక్క కట్టి రాసేది. మొదట 15 కిలోలు. మూడు వారాలకు 13. తీసివేత లెక్క నేర్పినప్పుడు "ఇది నాకెందుకు" అని నాతో కొట్లాడింది ఈ అక్కే.

డాక్టరు డైరీ చదివారు. టైగర్ పెదవి ఎత్తి చిగుళ్ళు చూశారు. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "రక్తం పోతుందమ్మా. 3 రోజుల దొడ్డి వేరువేరుగా తెచ్చి చూపించు" అన్నారు. మూడో రోజు దాంట్లో కొంకి పురుగు గుడ్లు కనపడ్డాయి.

మొదటి పరీక్షలో ఎందుకు కనపడలేదు? పురుగులు అన్ని రోజులూ ఒకేలా గుడ్లు పెట్టవు. ఒక రోజు దొరకలేదంటే పురుగులు లేవని కాదు. కొంకి పురుగు ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. నోటితో పేగు గోడను కరిచి పట్టుకుని రక్తం తాగుతుంది. అందుకే నలుపు, అందుకే నీరసం.

పరీక్షకు దొడ్డి తీసుకుపోవడం ఇలా. ఉసిరికాయంత చాలు. అదే రోజుది కావాలి. మట్టి అంటని భాగం తీయాలి. మూత ఉన్న శుభ్రమైన డబ్బాలో పెట్టి, ఎండ తగలకుండా తొందరగా చేర్చాలి. డబ్బా మీద తేదీ రాయాలి.

ఒక్కసారి మందు వేస్తే చాలదు

టైగర్‌కు పురుగుల మందు ఇచ్చారు. రక్తం పెరగడానికి మందు ఇచ్చారు. మళ్ళీ రెండు వారాలకు పురుగుల మందు వేశారు. అక్కకు అనుమానం వచ్చింది, "డబ్బులకా ఏంది?" అని. కాదు. మందుకు పేగులో ఉన్న పెద్ద పురుగులు చస్తాయి. ఒంట్లో దాగిన పిల్ల పురుగులు తర్వాత పేగులోకి వస్తాయి. వాటికోసమే రెండోసారి. మందు ఎంత అనేది కుక్క బరువును బట్టి ఉంటుంది. పక్కింటి కుక్కకు వేసింది చూసి మనం వేయకూడదు.

నేలలో ఉన్న వాటి సంగతి? కుక్క దొడ్డిలోని గుడ్లు తడి మట్టిలో పిల్లలవుతాయి. అవి మనుషుల పాదాల్లోంచి చర్మంలోకి కూడా దూరుతాయి. అప్పుడు ఎర్రగా వంకర గీతలు పడతాయి, విపరీతమైన దురద పుడుతుంది. కుక్క ఏలిక పాముల గుడ్లు పిల్లల చేతుల నుంచి నోట్లోకి పోతే కొందరికి కళ్ళు దెబ్బతింటాయి. అందుకే అక్క రోజూ దొడ్డి ఎత్తి పారేస్తుంది. వాకిట్లో నీళ్ళు నిలవకుండా, ఎండ తగిలేలా చూస్తుంది. కొడుకుకు చెప్పులు కొన్నది. అన్నం ముందు వాడి చేతులు సబ్బుతో కడుగుతుంది. ఓనరమ్మ ఇప్పుడు గొణుగుతుంది కానీ, ఖాళీ చెయ్యమనడం లేదు.

అన్ని కుక్కలకూ కొంకి పురుగులే అనుకోకండి. గోమార్ల వల్ల వచ్చే జ్వరంలో కూడా కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్ళు పాలిపోతాయి. దానికి రక్త పరీక్ష చెయ్యాలి. కొన్నిటికి ఫలానా తిండి పడదు. కొన్నిటికి పేగు లోపల వాపు ఉంటుంది. జర్మన్ షెపర్డ్ జాతి కుక్కల్లో క్లోమం రసం తగ్గిపోయే జబ్బు ఎక్కువ. ఆ కుక్క ఆవురావురుమని తింటుంది, అయినా ఎముకలు తేలుతుంది. దొడ్డికి ఎక్కువగా, జిడ్డుగా, పాలిపోయిన రంగులో పోతుంది. రక్త పరీక్షతో తెలుస్తుంది. బతికినన్నాళ్ళూ తిండిలో పొడి మందు కలిపి పెట్టాలి. కారణం వేరైతే మందు వేరు.

కొన్నిసార్లు మాత్రం డైరీ రాస్తూ కూర్చోకూడదు. కక్కుతూనే ఉన్నా, రక్తం బాగా పడుతున్నా, నీళ్ళు తాగకుండా పడుకున్నా ఆ రోజే దవాఖానకు పోవాలి. మెడ మీద తోలు పట్టి లాగి వదలండి. వెంటనే కిందికి దిగకపోతే ఒంట్లో నీరు తగ్గిందని గుర్తు. కుక్కపిల్లకైతే ఒక్క రోజు కూడా ఆగకండి. దానికి పార్వో అనే జబ్బు కావచ్చు. దానికి ముందుగా వేయించే టీకా ఉంది.

నాంపల్లి, ఆబిడ్స్ వాళ్ళకు దగ్గరగా నారాయణగూడలో ప్రభుత్వ పశువుల పెద్ద దవాఖాన ఉంది. ఆబిడ్స్ నుంచి కింగ్ కోఠి మీదుగా పోవచ్చు. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. 2014లో తెలంగాణ వచ్చాక పెట్టిన పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కిందికి అది వస్తుంది. ఆటోలో తీసుకుపోతే కింద పాత గోనెసంచి పరవండి. కక్కుతున్న కుక్క మూతి మాత్రం కట్టకండి. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

టైగర్‌కు ఇప్పుడు అన్నం, ఉప్పు కారం లేకుండా ఉడికించి బొక్కలు తీసిన కోడి మాంసం పెడుతున్నారు. అక్క భర్త హోటలు బొక్కలు తేవడం మానేశాడు. ఒకసారి దొంగచాటుగా పెట్టాడట. తెల్లారి డైరీలో దొరికిపోయాడు.

మొన్న కాటా మీద టైగర్ బరువు 14 కిలోల 600 గ్రాములు. వచ్చే నెల మొదటి వారంలో ఇంకో దొడ్డి పరీక్ష ఉంది. అక్క ఆ తేదీ చుట్టూ ఎర్ర సున్నా చుట్టింది.