పుస్తకాల ఇంట్లో బొమ్మల కొలువు

పెద్ద గ్యాలరీలు కాదన్న కళాకారులకు ఓ పేట లైబ్రరీ తన గోడలిచ్చింది. ఆ గోడల మీంచే కొత్త చరిత్ర మొదలైంది.

బొమ్మ నలుగురి కంటా పడితేనే చిత్రకారుడి కష్టానికి ఫలితం. ఆ నలుగురూ చూసే చోటికి రానివ్వకపోతే? వందేళ్ల క్రితం న్యూయార్క్‌లో నల్లజాతి కళాకారుల పరిస్థితి దాదాపు అదే. పేరున్న గ్యాలరీల్లో వాళ్లకు చోటు దొరకడం గగనం. అప్పుడు వాళ్లను పిలిచి చోటిచ్చింది హార్లెంలోని 135వ వీధి గ్రంథాలయం.

1905లో మొదలైన ఆ లైబ్రరీ చుట్టూ క్రమంగా నల్లజాతి కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. 1920లో బాధ్యతలు తీసుకున్న ఎర్నెస్టీన్‌ రోజ్‌ శ్వేతజాతి మహిళ. పేట మారాక లైబ్రరీ కూడా మారాలన్నది ఆమె ఆలోచన. నల్లజాతి సిబ్బందిని తీసుకున్నారు. 1921లో నల్లజాతి కళాకారుల చిత్రాలతో ప్రదర్శన జరిగింది. హార్లెంలో అలాంటిది అదే మొదలు. తర్వాత అది ఏటేటా జరిగే వేడుకైంది.

మట్టిబొమ్మల అమ్మాయి

చిన్నప్పుడు మట్టితో బొమ్మలు చేస్తోందని తండ్రి చేతిలో దెబ్బలు తిన్న అమ్మాయి అగస్టా శావేజ్‌. 1921లో ఫ్లోరిడా నుంచి న్యూయార్క్‌ వచ్చి శిల్పకళ నేర్చుకున్నారు. ఫ్రాన్స్‌లో జరిగే వేసవి శిక్షణకు 1923లో దరఖాస్తు చేస్తే ఎంపిక సంఘం కాదంది. కారణం... ఒంటి రంగు! అదే కాలంలో లైబ్రరీ ఆమెతో నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌ శిల్పం చేయించింది. ఆ తర్వాత మరికొన్ని పనులు వచ్చాయి. 1939 ప్రపంచ ప్రదర్శనకు ఆమె చేసిన 16 అడుగుల 'హార్ప్‌'ను లక్షలమంది చూశారు. కానీ దాన్ని కంచులో పోత పోయించడానికి డబ్బు లేకపోయింది. ప్రదర్శన ముగిశాక పగలగొట్టేశారు.

చదివి గీశాడు

శావేజ్‌ హార్లెం పిల్లలకు కళ నేర్పారు. ఆమె ప్రోత్సహించినవారిలో జేకబ్‌ లారెన్స్‌ ఒకడు. పదమూడేళ్లప్పుడు హార్లెం వచ్చిన ఈ కుర్రాడు ఆ లైబ్రరీలోనే కూర్చుని తనవాళ్ల చరిత్ర చదివాడు. అందుకు కావలసినంత సరుకు అక్కడుంది. ఆర్టురో షాంబర్గ్‌ ఏళ్ల తరబడి సేకరించిన పుస్తకాలు, పత్రాలు, చిత్రాలను 1926లో కార్నెగీ సంస్థ ఇచ్చిన 10 వేల డాలర్లతో లైబ్రరీ కోసం కొన్నారు మరి! హైతీ స్వాతంత్ర్య వీరుడు టూసాంట్‌ కథను లారెన్స్‌ 41 బొమ్మల్లో చెప్పాడు. దక్షిణాది నుంచి నల్లజాతివారు పొట్ట చేతపట్టుకుని ఉత్తరాదికి తరలివచ్చిన వలసగాథను 1941లో 60 బొమ్మలుగా గీశాడు. అప్పటికి అతనికి 23 ఏళ్లు. వాటిని రెండు మ్యూజియంలు చెరి సగం పంచుకున్నాయి. సరిసంఖ్యలవి న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంకి, బేసివి వాషింగ్టన్‌లోని ఫిలిప్స్‌ కలెక్షన్‌కి!

ఒకనాటి పేట లైబ్రరీ ఇప్పుడు షాంబర్గ్‌ పరిశోధన కేంద్రం. 1934లో ఆరన్‌ డగ్లస్‌ ఆఫ్రికా నుంచి అమెరికా నగరాల దాకా తన జాతి ప్రయాణాన్ని నాలుగు పెద్ద చిత్రాలుగా వేసింది ఈ లైబ్రరీ కోసమే. అవి నేటికీ అక్కడే ఉన్నాయి.